డిగ్రీ, ఇంజినీరింగ్ క్లాసుల్లో కొత్త పద్ధతులు: మీ కాలేజీలో ఏది నిలబడింది, దేనివల్ల నిలబడింది?

తార్నాక_ఫిజిక్స్

అందరికీ నమస్కారం. మాది అటానమస్ డిగ్రీ కాలేజీ, అంటే సిలబస్, పరీక్షలు మేమే పెట్టుకుంటాం. కొత్త పద్ధతుల్లో పాఠం చెప్పాలనుకునే లెక్చరర్లకు వచ్చే ఏడాది కాలేజీ ఏం సాయం చేయాలో రాసివ్వమని ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే కమిటీ) వాళ్లు నాకు అప్పగించారు. ఉన్న డబ్బు కొంచెమే. దాంతో స్మార్ట్ బోర్డులు కొందామని కొందరి మాట. ఆ డబ్బు లెక్చరర్ల టైమ్ మీద పెట్టాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకంటే నా క్లాసులో నిజంగా పనిచేసిన పద్ధతికి చార్ట్ పేపర్ తప్ప ఏ ఖర్చూ కాలేదు. కానీ టైమ్ మాత్రం చాలా పట్టింది.

అది పీర్ ఇన్‌స్ట్రక్షన్, అంటే పిల్లలు పక్కవాళ్లతో వాదించి నేర్చుకోవడం. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో మొదలుపెట్టారు. నేను ఫస్టియర్ మెకానిక్స్‌లో వాడుతున్నాను. ప్రతి స్టూడెంట్ దగ్గర నాలుగు రంగుల ముక్కలుంటాయి. బోర్డు మీద ప్రశ్న రాస్తాను: బంతిని నిలువుగా పైకి విసిరాం, అది బాగా పైకి వెళ్లి తిరిగే క్షణంలో దాని త్వరణం ఎంత? ఎవరికి వాళ్లు ఆలోచించి ఒకేసారి ముక్క పైకెత్తాలి. క్లాసులో సగానికి పైగా పసుపు రంగు లేస్తుంది, అంటే సున్నా. అక్కడ వేగం సున్నా కాబట్టి త్వరణం కూడా సున్నాయే అనుకుంటారు. నేను జవాబు చెప్పను. వేరే రంగు ఎత్తినవాళ్లను వెతుక్కుని రెండు నిమిషాలు వాదించమంటాను. పోయినసారి రెండో బెంచీలో ఒకమ్మాయి పక్కమ్మాయిని అడిగింది: "అక్కడ త్వరణం కూడా సున్నా అయితే బంతి గాల్లోనే ఉండిపోవాలి కదే, మరి కిందికెందుకొస్తది?" మళ్లీ ముక్కలు ఎత్తమంటే పసుపు దాదాపు పోయింది. నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క ప్రశ్నతో ఎక్కింది.

మొదటిసారి సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే చర్చకు పంపాలి. అంతకన్నా తక్కువైతే మనమే మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకెళ్లాలి. ఇంకో సంగతి. మా పిల్లల్లో తెలుగు మీడియం నుంచి, ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. ఇంగ్లిష్‌లో ప్రశ్న అడిగితే తల దించుకునే పిల్లలు ఈ రెండు నిమిషాల్లో తమ భాషలో గట్టిగా మాట్లాడతారు. అందుకే చర్చ ఏ భాషలోనైనా చేసుకోమని ముందే చెప్తాను.

కష్టమల్లా ఇలాంటి ప్రశ్నలు తయారుచేయడంలో ఉంది. తప్పు జవాబులు కూడా నమ్మేలా ఉండాలి, లేకపోతే చర్చే జరగదు. మీ దగ్గర ఏం జరిగిందో, కాలేజీ ఏం సాయం చేసిందో, ఏం అడ్డొచ్చిందో రాయండి.

ఘట్‌కేసర్_ఈసీఈ

సార్, మాది ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీ. మేం ల్యాబ్‌తో మొదలుపెట్టాం. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి కదా, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా అందులో భాగస్వామి. ప్రయోగానికి ముందురోజు పిల్లలు ఫోన్‌లోనే సిమ్యులేషన్ చేసి, అక్కడున్న ప్రీటెస్ట్ రాసి రావాలి. దీంతో ల్యాబ్‌లో మొదటి అరగంట సర్క్యూట్ అర్థం చేసుకోవడానికి పోవట్లేదు.

అసలు ల్యాబ్‌కు ఇది బదులు అనుకుంటే మాత్రం నష్టం. సిమ్యులేషన్‌లో వైరు లూజ్ అవ్వదు, ప్రోబ్ పాడవ్వదు. సీఆర్ఓ (సిగ్నల్‌ను తెర మీద గీతలా చూపే పరికరం) మీద వేవ్‌ఫామ్ రాకపోతే ఎక్కడ చూడాలో చేత్తో చేస్తేనే వస్తుంది. మా మేనేజ్‌మెంట్ ఒక దశలో పరికరాల బడ్జెట్ తగ్గిద్దామంది. డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) గారు గట్టిగా నిలబడ్డారు కాబట్టి ఆగింది. మీ ప్రపోజల్‌లో ఈ మాట తప్పకుండా రాయండి: ఆన్‌లైన్ సాధనం వచ్చిందని ఉన్నదాన్ని కోయకూడదు.

హిస్టరీ_గెస్ట్

నేను గెస్ట్ ఫ్యాకల్టీని. క్లాసులో నిలబడ్డ గంటకే మాకు డబ్బు. ప్రశ్నలు తయారుచేసుకున్న రాత్రికి, ప్రాజెక్టులు దిద్దిన ఆదివారానికి లెక్క లేదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ప్రోత్సాహం గురించి జరిగే మీటింగుల్లో మా ఊసే రాదు.

హైదరాబాద్ చరిత్రలో 1908 మూసీ వరదల యూనిట్‌ను క్లాసులో చెప్పకుండా బయటే చెప్దామనుకున్నాను. అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ మీదుగా ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు దాకా నడిచాం. ఆ వరదలో ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. చెట్టు కింద నిలబడ్డాక పిల్లలు అడిగిన ప్రశ్నలు క్లాసులో ఏనాడూ అడగలేదు: నీళ్లు ఇంత ఎత్తుకు ఎట్లా వచ్చాయి, తర్వాత ప్రభుత్వం ఏం చేసింది? అక్కణ్నుంచి విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు, చివరికి 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన తమ కాలనీల దాకా వెళ్లారు. ఒకబ్బాయి వాళ్ల నానమ్మ చెప్పిన పాత వరద కథ రికార్డు చేసుకొచ్చాడు.

సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో కొందరు "మేడమ్ సిలబస్ చెప్పకుండా బయట తిప్పుతున్నారు" అని రాశారు. రెన్యువల్‌కు ముందు చూసేది ఆ ఫారాలే. అప్పుడు పడ్డ టెన్షన్ వల్ల మరుసటి సెమిస్టర్‌లో మళ్లీ నోట్సే డిక్టేట్ చేశాను. బాధగా ఉంది, కానీ ఇంటి అద్దె కట్టాలి.

రిటైర్డ్_హెచ్‌ఓడీ

అమ్మా, మీరు రాసింది చదివి మనసు చివుక్కుమంది. మీ మీద వచ్చిన ఫిర్యాదు కొత్తది కాదు, దాని మీద పరిశోధనే ఉంది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద ఒక అధ్యయనం వచ్చింది. పిల్లలే పనిచేయాల్సిన క్లాసులో వాళ్లు నిజంగా ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. లెక్చర్ సాఫీగా సాగిపోతే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తన బుర్ర పెట్టి తడబడితే ఏమీ రాలేదనిపిస్తుంది. కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పాలి.

పై అధికారులకు చూపించడానికి ఇంకోటుంది. 2014లో వచ్చిన అధ్యయనం, సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. లెక్చర్ మాత్రమే ఉన్న క్లాసుల్లో సగటున 33.8 శాతం ఫెయిలైతే, పిల్లలు పాల్గొనే క్లాసుల్లో 21.8 శాతం. మన దగ్గర బ్యాక్‌లాగుల గురించి ఇంత గొడవ పడతాం కదా, ఈ తేడా చిన్నదేం కాదు.

కొత్త పద్ధతి మొదలుపెట్టిన మొదటి రెండు సెమిస్టర్ల ఫీడ్‌బ్యాక్ మార్కులు రెన్యువల్‌కు, ప్రమోషన్‌కు లెక్కలోకి రాకూడదు. ఇది రాతపూర్వకంగా ఉండాలి. పైసా ఖర్చు లేని పని, ప్రిన్సిపాల్ సంతకం చాలు.

ఫైనల్_బీఎస్సీ

సార్, నేను స్టూడెంట్‌ని, మా వైపు మాట కూడా వినండి. ఇలాంటి క్లాసులు మాకు నచ్చవని కాదు. సంవత్సరమంతా చర్చలు పెట్టి, చివర పరీక్షలో పాత పేపర్లలో ఉన్న "నిర్వచించి, వివరించండి" ప్రశ్నలే ఇస్తే మేం ఏం చేయాలి? మాలో చాలామంది సాయంత్రం పార్ట్‌టైమ్ చేస్తారు. చదవడానికి దొరికే టైమ్‌లో పరీక్షకు పనికొచ్చేదే చదువుతాం. అందుకే నోట్స్ అడుగుతాం.

గ్రూప్ ప్రాజెక్టుల్లో ఇంకో బాధ. నలుగురి పేర్లుంటాయి, చేసేది ఒక్కరే, మార్కులు మాత్రం అందరికీ ఒకటే.

కామర్స్_మేడమ్_కోఠి

బాబూ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పరీక్ష మారకుండా క్లాసు మారితే ఆ భారమంతా పిల్లల మీదే పడుతుంది. ఫైనల్ పేపర్ మన చేతిలో లేకపోయినా ఇంటర్నల్ మార్కులు చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. జేఎన్‌టీయూ 2022 నిబంధనల్లో (ఆర్22) ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. అంతకుముందు 2018 నిబంధనల్లో (ఆర్18) 25, 75 ఉండేది. ఇది పెద్ద మార్పు, కానీ ఆ ఎక్కువ మార్కుల్ని కూడా మళ్లీ రాతపరీక్షకే ఇస్తే ఫలితం లేదు.

గ్రూప్ పని విషయంలో నేను చేసేది చెప్తాను. మా పిల్లలు దగ్గర్లోని ఒక కిరాణా షాపు లెక్కలు నెలపాటు రాస్తారు. సుల్తాన్ బజార్, బేగంబజార్ షాపులవాళ్లు అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు. పుస్తకంలో లేని చిక్కులన్నీ అక్కడ ఎదురవుతాయి: ఖాతా మీద తీసుకున్నవాళ్లు సగం కట్టడం, షాపు యజమాని గల్లాపెట్టెలోంచి ఇంటికి డబ్బు తీసుకెళ్లడం. ఆ డబ్బు షాపు ఖర్చా, సొంతవాడకమా అని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. రిపోర్ట్‌కు గ్రూప్ మార్కులు సగమే. మిగతా సగం వైవా, అంటే నోటితో అడిగే పరీక్ష. నలుగురిలో ఎవరిని ఏ ఎంట్రీ గురించి అడుగుతానో ముందు చెప్పను. చేసినవాళ్లెవరో తెలిసిపోతుంది.

చాట్‌జీపీటీ వచ్చాక ఇంట్లో రాసుకొచ్చే అసైన్‌మెంట్ నేను దాదాపు మానేశాను. దాని జవాబునే ప్రింట్ తీసి క్లాసులో పంచి, తప్పులు పట్టమంటాను. తరుగుదల లెక్కల్లో బాగా దొరికిపోతుంది.

ముందుగా చదివి రావడానికి ఏమివ్వాలి అని అడిగేవాళ్లకు ఒక మాట. మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. దూరవిద్య పాఠాలు టీచర్ పక్కన లేకపోయినా చదువుకునేలా రాస్తారు, మధ్యలో చిన్న ప్రశ్నలు, చివర వాటి జవాబులు ఉంటాయి. నేను నా హ్యాండౌట్లు అదే తీరులో తెలుగులో రాస్తాను. వీడియో కన్నా ఇవే ఎక్కువమంది చదివి వస్తున్నారు, డేటా అయిపోయిందన్న సాకు కూడా ఉండదు.

ఘట్‌కేసర్_ఈసీఈ

మేడమ్, ఆ హ్యాండౌట్లకు పట్టే టైమ్ మీకెక్కడిది? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. మాకు అంతకు మించి వేస్తారు, దానికి తోడు అడ్మిషన్ల పని, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ ఫైళ్లు, ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్లకు కోర్స్ అవుట్‌కమ్స్ (కోర్సులో పిల్లలు ఏం నేర్చుకోవాలో చూపే) టేబుళ్లు. కొత్తగా చేయాలన్న ఉత్సాహం ఆ టేబుళ్లు నింపడంలోనే ఆవిరైపోతోంది.

రిటైర్డ్_హెచ్‌ఓడీ

అసలు సంగతి అదే. ఇలాంటి పనికి టైమ్, డబ్బు సంస్థే ఇవ్వాలి. దానికి మన ఊళ్లోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో వచ్చింది. సైన్సు, వైద్యం, ఇంజినీరింగ్ ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలేవి? అందుకని యూనివర్సిటీ కన్నా ముందే, 1917లో, అనువాద సంస్థ దారుల్ తర్జుమా పెట్టారు. పండితులకు జీతాలిచ్చి, పరిభాష కోసం కమిటీలు వేసి, పుస్తకాలు తయారుచేయించారు. తర్వాత 1968లో వచ్చిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాల విషయంలో చేసిందీ అలాంటి పనే. మీరు సొంతంగా చేసుకోండి అని టీచర్ మీద వదిలేసి ఉంటే ఆ రెండూ జరిగేవి కావు.

నేను హెచ్‌ఓడీగా ఉన్నప్పుడు చేసినవి రెండే. కొత్త పద్ధతి మొదలుపెట్టే లెక్చరర్‌కు ఒక సెమిస్టర్‌పాటు ఒక పేపర్ తగ్గించేవాణ్ణి. ఆ పేపర్ డిపార్ట్‌మెంట్‌లో పంచుకునేవాళ్లం, మరుసటి సెమిస్టర్ ఇంకొకరి వంతు. రెండోది, ఒకరి క్లాసులో ఒకరు వెనక బెంచీలో కూర్చోవడం. టీచర్ గురించి ఏమీ రాయకూడదు. పిల్లలు ఏం చేస్తున్నారో ఐదు నిమిషాలకోసారి రాయాలి: రాస్తున్నారా, పక్కవాళ్లతో పాఠం గురించి మాట్లాడుతున్నారా, ఫోన్ చూస్తున్నారా. ఆ కాగితం చెప్పినవాళ్లకే ఇచ్చేయాలి, ఫైల్లో పెట్టకూడదు. మొదట్లో అందరూ బిగుసుకుపోయారు. ఫైల్లోకి వెళ్లదని నమ్మకం కుదిరాక వాళ్లే పిలిచేవారు.

లెక్చరర్లకు పెట్టే రిఫ్రెషర్ కోర్సులు వద్దనను. ప్రమోషన్‌కు కావాలి, మంచి మాటలు వింటాం. కానీ సర్టిఫికెట్ చేతికొచ్చాక సోమవారం మన క్లాసులో ఏమైందని అడిగే మనిషి ఒకరు కావాలి.

తార్నాక_ఫిజిక్స్

అందరికీ చాలా థ్యాంక్స్. స్మార్ట్ బోర్డుల ఊసు తీసేశాను. ప్రపోజల్‌లో ఇవి రాస్తున్నాను: సెమిస్టర్‌కు ముగ్గురు లెక్చరర్లకు ఒక్కో పేపర్ తగ్గింపు, ఆ పేపర్లు చెప్పేవాళ్లకు ఈ డబ్బులోంచే చెల్లింపు. మొదటి రెండు సెమిస్టర్ల ఫీడ్‌బ్యాక్‌కు మినహాయింపు. మాది అటానమస్ కాబట్టి ఇంటర్నల్స్‌లో సగం మార్కులు వైవాకు, క్లాసు పనికి కేటాయించాలని, ఫైనల్ పేపర్లో కూడా ఒక సెక్షన్ చర్చలో అడిగే తరహా ప్రశ్నలతో ఉండాలని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు (సిలబస్ నిర్ణయించే కమిటీకి) సిఫార్సు. ఫైనల్ బీఎస్సీ తమ్ముడు అడిగినందుకే ఆ చివరిది చేర్చాను. వెనక బెంచీ పద్ధతి మా డిపార్ట్‌మెంట్‌లో వచ్చే వారం నుంచే మొదలుపెడతాం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

హిస్టరీ_గెస్ట్

సార్, ఇంకో లైన్ చేర్చండి. గెస్ట్, కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ వాళ్లు కూడా దీనికి అర్హులని స్పష్టంగా రాయండి, తయారీ గంటలకు కూడా గంట లెక్కన బిల్లు పెట్టుకోవచ్చని రాయండి. రాయకపోతే ఆఫీసులో "రెగ్యులర్ ఫ్యాకల్టీకే" అంటారు. అలాగే పిల్లల్ని బయటికి తీసుకెళ్లడానికి సెమిస్టర్ మొదట్లోనే ఒకే అనుమతి లెటర్ ఇప్పించండి. ప్రతిసారీ ముగ్గురి సంతకాల కోసం తిరగడంలోనే సగం ఓపిక అయిపోతుంది.

తార్నాక_ఫిజిక్స్

చేర్చాను మేడమ్, రెండూ. మీ మూసీ నడక ప్లాన్, పిల్లలకు ఇచ్చిన ప్రశ్నలు ఉంటే ఇక్కడ పెట్టండి. మా హిస్టరీ వాళ్లు అడుగుతున్నారు. మీ పేరు మీదే వాడతారు.