ఎరుపు కాంతి వేసినా ఈస్ట్‌లో జన్యువు పలకడం లేదు: ఎక్కడ తప్పు?

ఎమ్మెస్సీ విద్యార్థిని:
నమస్కారమండీ. చివరి ఏడాది ప్రాజెక్టు మీద ఉన్నాను. కాంతితో జన్యువును నడిపించే పద్ధతుల్లో 2002లో వచ్చిన పాతదాన్నే ఎంచుకున్నాం. ఈస్ట్‌లో జన్యువులను తెరిచే గాల్4 ప్రోటీన్‌ను రెండు సగాలు చేసి, అరబిడాప్సిస్ మొక్కలో కాంతిని గుర్తించే ఫైటోక్రోమ్-బి ప్రోటీన్‌ను డీఎన్ఏను పట్టుకునే సగానికీ, దానికి జతకూడే పిఫ్3 ప్రోటీన్‌ను జన్యువును నడిపించే సగానికీ అతికించాం. ఎరుపు కాంతి పడితే ఆ రెండూ కలిసి లాక్-జెడ్ జన్యువును తెరవాలి. 660 నానోమీటర్ల ఎల్ఈడీ కింద ఐదు నిమిషాలు పెట్టి, మూడు గంటలు చీకట్లో ఉంచి, లాక్-జెడ్ ఎంజైము ఉంటే పసుపెక్కే ఓఎన్‌పీజీ కలిపాను. పసుపు రంగు జాడే లేదు. పూర్తి గాల్4 ఉన్న కంట్రోలు గొట్టం మాత్రం చక్కగా పసుపెక్కుతోంది. రెండు వారాలుగా ఇదే వరస. ఎల్ఈడీ మార్చమంటారా?

చీకటిగది:
ఎల్ఈడీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఒక మాట చెప్పండి, రంగు ద్రవ్యం ఇచ్చారా? ఫైటోక్రోమ్ ప్రోటీన్ ఒక్కటే ఉంటే గుడ్డిది. దానిలో బిలిన్ అనే రంగు అణువు కూర్చుంటేనే కాంతి తెలుస్తుంది. మొక్క ఆ అణువును తానే తయారు చేసుకుంటుంది, ఈస్ట్‌కు ఆ విద్య రాదు. అందుకే బయటినుంచి ఫైకోసయానోబిలిన్ అనే బిలిన్ పోస్తారు.

ఎమ్మెస్సీ విద్యార్థిని:
ఇచ్చానండీ. కొనడానికి ఖరీదెక్కువని స్పైరులినా మాత్రలు నూరి, నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టాను. వచ్చిన నీలి ద్రవాన్ని సూక్ష్మజీవుల ఫిల్టరు గుండా పంపి కల్చర్‌లో కలిపాను. ముదురు నీలం, చూడముచ్చటగా ఉంది.

చీకటిగది:
దొరికింది. ఆ నీలం ఫైకోసయానిన్, అంటే రంగు అణువును కడుపులో పెట్టుకున్న పెద్ద ప్రోటీన్. మీకు కావలసిన బిలిన్ అందులోనే ఉంది, కాని ప్రోటీన్‌కు రసాయన బంధంతో అతుక్కుని ఉంది. నీళ్లలో నానబెడితే అది విడిపోదు. అంత పెద్ద ప్రోటీన్ ఈస్ట్ గోడ దాటి లోపలికీ పోదు. నేనూ మొదటిసారి ఇదే పని చేసి నెల పోగొట్టుకున్నాను, కాబట్టి సిగ్గుపడకండి.

నా మాట నమ్మక్కర్లేదు, ఇప్పుడే పరీక్షించండి. ఆ ద్రవాన్ని బాగా పలచన చేసి, గది చీకటి చేసి, పక్కనుంచి తెల్ల టార్చి వేయండి. ద్రవం రక్తపు ఎరుపుగా మెరిస్తే అది ఫైకోసయానినే. విడి బిలిన్ అలా మెరవదు.

ఎమ్మెస్సీ విద్యార్థిని:
చూశాను. నీలి నీళ్లు ఎర్రగా వెలుగుతున్నాయి! అందమైన దృశ్యమే కాని, నా రెండు వారాలు పోయాయి. అంతా పారబోయాలా?

ఆకుపచ్చదీపం:
వద్దండీ, అదే ముడిసరుకు. ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం కలిపితే ప్రోటీన్ అడుగుకు చేరుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఆ ముద్దను మిథనాల్‌తో కడుగుతూ పోండి. పైన వచ్చే ద్రవంలో రంగు పోయేదాకా కడగాలి. తరవాత తాజా మిథనాల్‌లో వేసి, కండెన్సర్ బిగించి కొన్ని గంటలు మరగనివ్వండి. మరిగే మిథనాలే ఆ బంధాన్ని తెంపుతుంది. ఫ్లాస్కుకు అల్యూమినియం రేకు చుట్టండి. పని ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. మిథనాల్ ఆవిరి విషమూ, నిప్పూ రెండూ.

ఎంత వచ్చిందో కంటితో అంచనా వేయకండి. ఆమ్లం కలిపిన మిథనాల్‌లో కొంచెం పలచన చేసి 690 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి పీల్చుకుంటుందో కొలవండి, ఆ రీడింగును 37,900తో భాగించండి. రీడింగు 0.38 వస్తే ఆ పలచనలో సుమారు 10 మైక్రోమోలార్ ఉన్నట్టు. మిథనాల్ ఎగరగొట్టి, డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగించి, చిన్న గొట్టాల్లో పంచి, చీకట్లో ఫ్రీజ్ చేయండి. కల్చర్‌లో 25 మైక్రోమోలార్ దరిదాపుల్లో చాలు.

కొత్తగా చేరినవారు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇంత తంటా ఎందుకు, క్రిప్టోక్రోమ్ వాడవచ్చుగా? క్రై2 అనే క్రిప్టోక్రోమ్, దానికి జతకూడే సిబ్1 ప్రోటీన్, ఈ జంటకు నీలి కాంతి చాలు. దానికి కావలసిన రంగు అణువు ఎఫ్ఏడీ ప్రతి కణంలోనూ ఉంటుంది, ఏమీ పోయనక్కర్లేదు.

చీకటిగది:
నిజమే, 2010లో ఆ జంట వచ్చాక చాలామంది అటే వెళ్లారు. కాని దాన్ని తెరవడం మన చేతిలో ఉంటుంది, మూయడం ఉండదు. చీకట్లో పెట్టి, అదంతట అది విడిపోయేదాకా కాచుకోవాలి. ఫైటోక్రోమ్‌కు రెండు మీటలూ ఉన్నాయి. 660 తెరుస్తుంది, 730కి పైబడిన దూర ఎరుపు మూస్తుంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో లెట్యూస్ గింజలమీద చూసిందీ ఇదే. ఎన్నిసార్లు మార్చి మార్చి వెలిగించినా, చివరిగా పడిన కాంతి ఎరుపైతే మొలక, దూర ఎరుపైతే మొలక లేదు. ఈ విద్యార్థినికి కావలసింది మూసి చూపడం అయితే ఫైటోక్రోమే ఉంచుకోవాలి.

ఎమ్మెస్సీ విద్యార్థిని:
అవునండీ, తెరిచి మూయడమే ప్రాజెక్టు. ఇంకొక సందేహం. బిలిన్ కలిపాక గొట్టాలను ట్యూబ్‌లైటు కింద పట్టుకోవచ్చా?

ఆకుపచ్చదీపం:
కూడదు, ఆ తెల్ల వెలుగులోని ఎరుపు భాగమే దాన్ని తెరిచేస్తుంది. మసక ఆకుపచ్చ దీపం కింద పనిచేయండి, ఫైటోక్రోమ్ ఆ రంగును తక్కువ పీల్చుకుంటుంది. బిలిన్ వేయని గొట్టం ఒకటి, వేసి చీకట్లోనే ఉంచినది ఒకటి, ఎరుపు తరవాత దూర ఎరుపు వేసినది ఒకటి పక్కన పెట్టుకోండి. చీకటి గొట్టం కూడా పసుపెక్కితే రేకుకు ఎక్కడో చిల్లు ఉన్నట్టే.

ఎమ్మెస్సీ విద్యార్థిని (పది రోజుల తరవాత):
మరిగించిన ద్రవం నీలాకుపచ్చగా వచ్చింది, టార్చికి మెరవలేదు. ఎరుపు వేసిన గొట్టం పసుపెక్కింది. దూర ఎరుపుతో ముగించినది దాదాపు తెల్లగానే ఉంది. చీకటి గొట్టం కొంచెం పసుపెక్కింది, రేకు మార్చి మళ్లీ పెట్టాను.