గుర్రం మీంచి పడినప్పుడు పాదం ఇరుక్కోకుండా ఏ రకం రికాబు (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే ఇనుప కడియం) వాడాలి?

గుర్రం మీంచి పడటం కన్నా, పాదం రికాబులో ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోవడమే ఎక్కువ భయం. మడమ ఉన్న బూట్లే వేస్తున్నాం. రికాబు బూటు కన్నా ఒక అంగుళం వెడల్పు. ఇరుకైతే బూటు పట్టేస్తుంది, మరీ వెడల్పైతే పాదం మొత్తం అవతలికి దూరిపోతుంది. జీను దగ్గర రికాబు పట్టీ తగిలించే కొక్కెం గడి, లాగితే పట్టీ ఊడొచ్చేలా, ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

అసలు సందేహం ఇదండీ: బయటివైపు రబ్బరు రింగు ఊడొచ్చే రికాబు మంచిదా, కీలు మీద తెరుచుకునేదా? రబ్బరు ఎండకు పగుళ్లిస్తుంది. పైగా ఆ పక్క ఇనుము ఉండదు, 85 కిలోల మనిషి బరువుకి వంగిపోదా? కీలులో ఇసుక చేరితే బిగుసుకుపోతుందా? వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి, రబ్బరు ఎన్నాళ్లకు మారుస్తున్నారో కూడా.