బడిపిల్లల దూకుడు సర్వే: తిరగేసిన ప్రశ్నలు, ఇంటికొక్క ఫోన్ లెక్క ఎట్ల?

నమస్తే. నల్లగొండ, దేవరకొండ బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల మీద సర్వే చేయాలి. కొట్లాట వీడియోలు, గేములకూ దూకుడుకూ ఎంత సంబంధమో చూడాలి. రెండు చోట్ల సాయం కావాలె.

మొదటిది ప్రశ్నావళి. దూకుడు కొలిచే బస్-పెర్రీ ప్రశ్నావళి (1992)లో 29 వాక్యాలు: కొట్లాట 9, మాటల దూకుడు 5, కోపం 7, వైరభావం 8. వీటిలో రెండు వాక్యాలకు మార్కులు తిరగేసి వేయాలి. 'మనిషిని కొట్టడానికి సరైన కారణమేదీ నాకు కనిపించదు' అన్నదానికి 'అస్సలు కాదు' పెడితే దూకుడు ఎక్కువని లెక్క. కాదుకు కాదు తోడయ్యేసరికి పిల్లలు తడబడతారు, స్కోరు తలకిందులైతది. వాక్యం మార్చాలా, తీసేయాలా? 'వైరభావం' పిల్లలకు తెల్వదు. 'పగ' మరీ బరువు, 'కుళ్లు' అసూయ వైపు పోతది. నల్లగొండ పిల్లలకు తెలిసిన మాట ఏది?

రెండోది ఇంకా కష్టం. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ అయితే, సెట్టింగ్స్‌లో కనిపించే గంటల్లో పిల్లల వాటా ఎట్ల విడదీయాలి? వారం డైరీ నమ్మొచ్చా?

ఒక్కసారే కొలిస్తే, దూకుడున్న పిల్లలే అలాంటి గేములు ఏరుకుంటున్నారా అన్నది తేలదు. అందుకే ఆరు నెలల తేడాతో రెండుసార్లు. ఇంట్లో తినే దెబ్బలు, బడిలో ఏడిపించడం కూడా అడగాలి, లేకపోతే నెపమంతా ఫోన్ మీదికే పోతది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది కూడా కొట్లాట గేములకు అరవడం, నెట్టడం లాంటి వాటితో చిన్న సంబంధమనే. హింసకు ముడిపెట్టే ఆధారం చాలదంది.

దెబ్బల సంగతి రాసిన కాగితం టీచర్ చేతికి పోకుండా ఎట్ల చేస్తున్నారు? తెలుగులో ఈ ప్రశ్నావళి వాడినవాళ్లు దయచేసి చెప్పండి.