నకిలీ అగ్రిమెంటుతో మా స్థలం మీద దావా వేశారు, ఏం చేయాలి?

నాన్నగారు పోయిన ఏడాదికి, ఊళ్లో ఒకాయన మా ఇంటి స్థలం మీద కోర్టులో దావా వేశాడు. నాన్నగారు అడ్వాన్స్ తీసుకుని అమ్మకం అగ్రిమెంటు రాసిచ్చారట. కాపీ చూశాం. నాన్నగారు బ్యాంకులోనైనా, రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా తెలుగులోనే సంతకం పెట్టేవారు, చివర కింద ఒక గీత గీసేవారు. ఇందులో ఇంగ్లీషు సంతకం ఉంది! పైగా "పది లక్షలిస్తే కేసు వెనక్కి తీసుకుంటాడు" అని మధ్యవర్తితో కబురు. దావా నడుస్తుంటే స్థలం ఎవరూ కొనరు, మేమే దిగివస్తామని వాళ్ల ధీమా. రూపాయి కూడా ఇవ్వదలచుకోలేదు. అమ్మకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 7 రూల్ 11 కింద దావాను మొదట్లోనే తిరస్కరించమని అడగొచ్చు. కానీ అక్కడ జడ్జిగారు చూసేది ప్లెయింటు (దావా వేసినాయన కోర్టుకిచ్చిన అర్జీ), దానికి జతచేసిన కాగితాలే కాబట్టి ఫోర్జరీ వాదన నిలవదేమో. ఇక తప్పుడు దావాకు సీపీసీ సెక్షన్ 35ఏ కింద ఇప్పించే పరిహారం గరిష్ఠంగా 3,000 రూపాయలే. ఎంత అన్యాయం!

ఇలాంటి కేసు ఎదుర్కొన్నవాళ్లు దయచేసి చెప్పండి. సంతకాన్ని నిపుణుడికి పంపమని ఏ దశలో పిటిషన్ వేశారు? పోల్చడానికి ఏ పాత కాగితాలు పనికొచ్చాయి? స్టాంపు పేపరు ఎవరి పేరున, ఏ రోజు అమ్మారో వెండర్ రిజిస్టర్ నుంచి తీయించగలమా? కోర్టులో మోసంతో తప్పుడు దావా వేయడాన్ని నేరమనే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 246 కింద చర్య ఇప్పుడే కోరాలా, తీర్పు దాకా ఆగాలా?