వీడ్కోలు, స్వాగతం ఒకే రోజు పెట్టడం సరైనదేనా? (శ్రీకాకుళం క్రైస్తవ విద్యార్థుల సహవాసం)

మందస తమ్ముడు:
అందరికీ వందనాలు. మన సహవాసంలో ఇన్నాళ్లూ డిగ్రీ చివరి సంవత్సరం వాళ్లకు ఏప్రిల్‌లో, పరీక్షలకు ముందు వీడ్కోలు చెప్పేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లకు సెప్టెంబర్‌లో స్వాగత కూటం. ఈసారి రెండూ కలిపి సెప్టెంబర్‌లోనే పెడదామని కమిటీలో మాట వచ్చింది. నాకు నచ్చింది. మోషే తన తర్వాత నాయకుడు కాబోయే యెహోషువ మీద చేతులుంచింది చాటున కాదు, సమాజమంతటి ఎదుట (సంఖ్యాకాండం 27). వెళ్లేవాళ్ల చేతుల మీదుగానే వచ్చేవాళ్లను చేర్చుకోవాలి.

టెక్కలి అక్క:
ఒప్పుకోను తమ్ముడూ. పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను మిలేతుకు పిలిపించుకుని వీడ్కోలు చెప్పాడు (అపొస్తలుల కార్యములు 20). మూడేళ్లు తన కష్టం చూసినవాళ్లు వాళ్లు. అందుకే మెడ మీద పడి ఏడ్చారు. నిన్నగాక మొన్న చేరిన పిల్లల ముందు ఎవరు మనసు విప్పుతారు? దేవుడు తమకు చేసింది చెప్పుకోవాల్సిన సాక్ష్యం కాస్తా పేరూ ఊరూ చెప్పి దిగిపోవడమే అవుతుంది.

ఆమదాలవలస:
రెండు కూటాలంటే రెండు భోజనాలు, రెండుసార్లు చందా. కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది.

టెక్కలి అక్క:
ఖర్చు తగ్గాలంటే ముందు వీడ్కోలులో కప్పే శాలువాలు మానండి. పరీక్ష ఫీజుకే తడుముకునే పిల్లల దగ్గర శాలువాల చందా ఏమిటి?

బొబ్బిలి అన్న:
శాలువా గౌరవం కోసం కదమ్మా. మా రోజుల్లో బైబిలు ఇచ్చేవారు, లోపలి అట్ట మీద అందరూ సంతకాలు పెట్టి. నాది ఇప్పటికీ ఉంది.

ఆమదాలవలస:
బైబిలుకి ఇంకా ఎక్కువవుతుంది అన్నా.

సీతంపేట:
నేను మొదటి సంవత్సరం. మైకు ఇచ్చి మాట్లాడమంటారేమోనని టెన్షన్‌గా ఉంది. పాటైతే మా సవర భాషలో పాడతాను.

బొబ్బిలి అన్న:
శాలువా బదులు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇచ్చినా బాగుంటుంది. అందులో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు పుట్టింది మన పక్కన పర్లాకిమిడి వైపే, 1803లో. పిల్లలకు ఆ సంగతే తెలియడం లేదు.

మందస తమ్ముడు:
శాలువాలు పక్కన పెట్టండి. నేను హాస్టల్లో చేరినప్పుడు కూటంలో నన్ను పలకరించినవాళ్లే లేరు. మానేద్దామనుకున్నాను. ఆ సెప్టెంబర్‌లో, చదువు అయిపోయిన ఒక అన్న విశాఖలో ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. నా పక్కన కూర్చుని తన నోట్సు ఇచ్చాడు, వారం వారం ఫోన్ చేశాడు. కొత్తవాళ్లకు అలాంటి మనిషి కనబడొద్దా? ఏప్రిల్‌లోనే పంపేస్తే వాళ్లు సీనియర్ల ముఖమైనా చూడరు. మీకు మీ బ్యాచ్ ఏడుపులే ముఖ్యమా అక్కా?

టెక్కలి అక్క:
ఆ మాట అనకు. ఉద్యోగం వచ్చింది కాబట్టే ఆ అన్న సెలవు పెట్టి రాగలిగాడు. రానివాళ్ల సంగతి చెబుతాను విను. మా బ్యాచ్‌కి ఒకసారి ఇలాగే ఆలస్యంగా పెట్టారు. ఉద్యోగాలొచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, దేవుడు వీళ్లను ఎలా దీవించాడో చూడండి అన్నారు. నాకు ఉద్యోగం లేదు. అమ్మతో జీడిపిక్కలు కొట్టడానికి వెళ్తున్నాను. నన్ను దేవుడు దీవించలేదనా? మధ్యలోనే లేచి బస్సెక్కేశాను. తర్వాత ఏమైపోయావని ఒక్కరూ అడగలేదు. ఏప్రిల్‌లో అయితే ఎవరికి ఏమొస్తుందో ఎవరికీ తెలియదు, అందరం ఒకే వరుసలో కూర్చుంటాం. నేను అడిగేది ఆ వరుస. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు వేయడం తప్పన్నారు కదా, మనం చేస్తున్నది వేరా?

బొబ్బిలి అన్న:
ఇది ముందే చెప్పాల్సింది అమ్మా. ఇంతసేపూ శాలువాల గురించి కొట్టుకున్నాం.

ఆమదాలవలస:
మా అన్నయ్య కూడా అందుకే రావడం మానేశాడు. ఇంట్లో బస్సు ఛార్జీలని చెప్పాడు.

మందస తమ్ముడు:
ఉద్యోగాల మాట వేదిక మీద ఎత్తకూడదు, ఆ మాట నేను కమిటీలో అడుగుతాను. సెప్టెంబర్ మాత్రం వదలను అక్కా. సీతంపేట చెల్లి పైన రాసింది చూశారా? ఆమెను ఇంతవరకు మనలో ఒక్కరం పలకరించలేదు. ఏప్రిల్‌లో వీడ్కోలు పెడితే ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు?

టెక్కలి అక్క:
చెల్లీ, మైకు వద్దంటే వద్దు. పాట పాడు, నీ పక్కన నేను కూర్చుంటాను. స్వాగత కూటానికి ఎప్పుడు పిలిచినా వస్తాను తమ్ముడూ. వీడ్కోలు మాత్రం ఏప్రిల్‌లోనే పెట్టండి.