డైపర్లు పంచడానికి సేవా సంస్థలకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలా? మన గుంటూరు, బెజవాడ వాళ్లు చెప్పండి

బ్రాడీపేట వాసి:
అమెరికాలో ఉండే మా తమ్ముడు ఒక సంగతి చెప్పాడు. అక్కడ పేదలకిచ్చే ఫుడ్ స్టాంపులతో తిండి కొనుక్కోవచ్చు గానీ డైపర్లు కొనడానికి వీల్లేదు. అందుకని 2022లో అక్కడి కేంద్ర ప్రభుత్వం కొన్ని రాష్ట్రాల్లో ప్రయోగంగా గ్రాంట్లిచ్చి, సేవా సంస్థల చేత డైపర్లు పంపిణీ చేయించడం మొదలుపెట్టింది. టెనెసీ రాష్ట్రం 2024 ఆగస్టు నుంచి మెడికెయిడ్ అనే పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా‌లో ఉన్న రెండేళ్లలోపు పిల్లలకు నెలకు 100 డైపర్ల దాకా ఇస్తోంది.

మనకూ ఇలాంటిది కావాలంటాను. మేం నలుగురం కలిసి మిర్చి యార్డు చుట్టుపక్కల పనిచేసే ఆడవాళ్లకు సబ్బులు, చంటిపిల్లల బట్టలు ఇచ్చి వస్తుంటాం. పోయిన వేసవిలో తొడిమలు తీసే ఒకావిడ పక్కన కూర్చున్నాను. కాయ ఘాటుకు ఆవిడ వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల్లో ఎనిమిది నెలల పాప. రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునే తడి గుడ్డ మార్చింది, అయినా చేతికంటిన కారానికి పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక ఆవిడ మధ్యాహ్నం దాకా గుడ్డ మార్చడమే మానేసిందట. పాప తొడలు ఒరుసుకుపోయి పచ్చిపుండై ఉన్నాయి. చిన్న ప్యాకెట్లలో కొంటే డైపర్ ఒక్కోటి పది రూపాయలకు అటూ ఇటూ. కూలి డబ్బుల్లో రోజుకు నాలుగు ఎక్కడ కొంటుంది?

పటమట అమ్మమ్మ:
బాబూ, నువ్వు చెప్పింది చదివి మనసు కలుక్కుమంది. కానీ డైపర్ మార్చేదీ ఆ చేతులే కదా? ముగ్గురు పిల్లల్ని పాత నేత చీరల గుడ్డలతోనే పెంచాను. బెజవాడ ఎండల్లో ఆ ప్లాస్టిక్ గంటల తరబడి కట్టి ఉంచితే ఒళ్లు పేలిపోదూ? గ్రాంటే ఇస్తే మెత్తటి నూలు గుడ్డలకు ఇవ్వమనండి. అసలు ఆ పిల్ల మిరపకాయల మధ్య ఎందుకుండాలి? తల్లులు పనిలో ఉంటే పిల్లల్ని చూసుకునే క్రెష్ ఒకటి దగ్గర్లో పెట్టించండి ముందు.

సింగ్‌నగర్ 2024:
అమ్మమ్మగారూ, గుడ్డ ఉతకాలంటే నీళ్లుండాలండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు మా పాపకు నాలుగు నెలలు. కింద ఇల్లు మునిగి, మేడ మీద రోజుల తరబడి ఉన్నాం. పడవల్లో పాలు, బిస్కెట్లు, వాటర్ బాటిళ్లు వచ్చాయి. ఆ తెచ్చినవాళ్లకు చచ్చేదాకా రుణపడి ఉంటాం. తాగే నీళ్లతో గుడ్డలు ఉతకలేం, పిట్టగోడ మీద ఆరేసినవి ఆ ముసురుకు ఆరవు. నా భార్య కర్టెన్లు చింపింది, తర్వాత తన పెళ్లిచీర చింపింది. ఆ పడవలో ఒక్క డైపర్ ప్యాకెట్ ఉంటే ఎంత నిమ్మళంగా ఉండేదో! ముందుగా గ్రాంటిచ్చి సరుకు సిద్ధంగా పెట్టుకుంటే తప్పేముంది?

పారిశుద్ధ్య కార్మికుడి కొడుకు:
ఇచ్చేవాళ్లు బాగానే ఇస్తారు, ఎత్తేది మా నాన్న. వాడిన డైపర్‌ని విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే పెట్టారు. చుట్టడానికి కవరు డైపర్ తయారీ కంపెనీలే ఇవ్వాలని కూడా అందులో ఉండేది. మా నాన్న బండిలోకి మాత్రం కూర తొక్కలతో కలిసే వస్తాయి. చేత్తో ఏరి వేరు చేస్తాడు. అన్నం ముందు కూర్చుని కూడా చేతులు వాసన చూసుకుంటూ ఉంటాడు. గ్రాంటులో సగం మాట డైపర్లయితే, మిగతా సగం కవర్లు, గ్లౌజులు, విడిగా తీసుకెళ్లే బండి ఉండాలి. అవి లేకపోతే నేను ఒప్పుకోను.

కొత్తపేట, గుంటూరు:
మీరంతా చంటిపిల్లల దగ్గరే ఆగిపోయారు. పక్షవాతంతో మంచాన పడ్డ నాన్నను చూసుకుంటున్నాను. ప్రభుత్వం 15,000 పెన్షన్ ఇస్తోంది, దానితోనే మందులు, డైపర్లు గడుస్తున్నాయి. ఆ పెన్షన్ రాని ముసలివాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. డైపర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది, మంచిదే. కానీ కొనే డబ్బే లేనివాళ్లకు పన్ను తగ్గితే ఏమొస్తుంది? పైగా సంస్థలకు గ్రాంటంటే బిల్లులు ఎప్పటికి పాసవుతాయో అన్న టెన్షన్ ఒకటి. అవసరమున్న ఇంటికే నేరుగా డబ్బు వేస్తే మేలు.

బ్రాడీపేట వాసి:
అందరివీ చదివాను. అమ్మమ్మగారి ప్రశ్నకు ముందు చెప్పాలి. ఇంటి దగ్గర పొద్దున్నే డైపర్ కడితే మధ్యాహ్నం దాకా చెయ్యి పెట్టక్కర్లేదని నా ఆలోచన. అయినా క్రెష్ మాట నిజం, ఆ ఘాటులో పాప ఉండకూడదు. అందుకే నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. ఇంటింటికీ పంచడానికి కాదు, గ్రాంటు కూలి తల్లుల క్రెష్‌లకు, వరద గోదాములకు, మంచాన పడ్డవాళ్లకు ఇవ్వాలి. కవర్లు, గ్లౌజుల ఖర్చు అందులోనే కలపాలి. నేరుగా డబ్బు వేయడానికి మాత్రం ఒప్పుకోలేను. వరదలో ఖాతాలో డబ్బుండి ఏం లాభం, తెరిచిన కొట్టుండాలిగా?

ఆదివారం మళ్లీ యార్డు వైపు వెళ్తున్నాం. ఆవిడకు ఏం కావాలో ఈసారి ఆవిడనే అడుగుతాను.

పటమట అమ్మమ్మ:
అడుగు నాయనా. కొబ్బరినూనె రాయమని చెప్పు. ఈలోపు నా దగ్గర కుట్టి పెట్టిన నూలు గుడ్డలు ఇరవై దాకా ఉన్నాయి, శనివారం లోపు ఎవరినైనా పంపు.