పాత చేతి లేసు ఎక్కడిదో తేల్చడం ఎట్లా?

ప్రశ్న (తిరుపతి నుంచి):
పాత ట్రంకుపెట్టెలో మూడు లేసు ముక్కలు దొరికాయి. ఒకటి 90 సెం.మీ. గుండ్రటి టేబుల్ గుడ్డ, నిండా ఉబ్బెత్తు గులాబీలు. రెండోది 4 సెం.మీ. వెడల్పు అంచు లేసు, రెండున్నర మీటర్లుంది. మూడోది చదరపు గళ్ల జాలీ, అందులో నెమళ్లు. చూసినవాళ్లలో ఒకరు "ఐర్లాండుది, నూరేళ్ల నాటిది" అంటే, ఇంకొకరు "నరసాపురందే" అన్నారు. ఉతికి ఫోటోలు పెట్టమంటారా?

జవాబు 1:
ఇప్పుడే ఉతకొద్దండీ. గంజి, మడత మరకలు, అంచున మిగిలిన గుడ్డపీలిక, ఇవన్నీ ఆధారాలే. ఎక్కడిదన్న సంగతి పక్కన పెట్టి, ముందు ఎట్లా చేశారో చూడండి. నల్లగుడ్డ మీద పరిచి, పక్కనుంచి టార్చి వేసి, పదింతల భూతద్దంతో చూడాలి.

ఉచ్చులోంచి ఉచ్చు లాగినట్టు, ప్రతి కుట్టు తలమీద సన్నని జడ కనిపిస్తే క్రోషియా, అంటే కొక్కెం సూదితో అల్లినది. ఉచ్చులు లేకుండా దారాలు నేతలా ఒకదాన్నొకటి దాటుతూ, మెలికలు పడుతూ పోతే దిండు మీద కండెలతో అల్లిన బాబిన్ లేసు. అంతా కాజాకుట్టే అయితే సూది లేసు. ముడులన్నీ చిన్న ఉంగరాలుగా కూర్చుని ఉంటే ట్యాటింగ్. క్రోషియా చివరి కొస దొరికిందా, లాగితే సర్రున ఊడిపోతుంది. ఆ పరీక్ష మాత్రం చేయకండి!

గులాబీ ఉబ్బెత్తుగా ఉందని ఐరిష్ అనేస్తారు, అది తప్పు. ఐరిష్ పనిలో పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లుతారు. వాటి అంచుల్లో లావుపాటి ఒత్తుదారం దాగి ఉంటుంది. ఆ ముక్కల్ని గుడ్డ మీద పరిచి కుట్టి, మధ్య ఖాళీల్ని వంకరటింకర జాలీతో నింపుతారు. జాలీలో చిన్న ముడిగింజలు కూడా ఉంటాయి. మీ గుడ్డ నట్టనడుమ మొదలై వరస మీద వరసగా పెరిగిందా? అట్లయితే ఐరిష్ మాట వదిలేయొచ్చు.

రసాయన లేసుతో కూడా జాగ్రత్త. గుడ్డ మీద మిషన్‌తో ఎంబ్రాయిడరీ చేసి, ఆ గుడ్డను రసాయనంలో కరిగించేస్తారు. ఐరిష్ క్రోషియాకు అచ్చం అట్లాంటి నకళ్లు యూరప్‌లో 19వ శతాబ్దం చివర్లోనే వచ్చాయి. భూతద్దం కింద జడకుట్టు కనబడదు, నూగుదేరిన అడ్డకుట్లే కనబడతాయి.

జవాబు 2:
నరసాపురం అన్నవారి మాట కొట్టిపారేయలేం, అట్లాగని డిజైన్ చూసి ఒప్పుకోనూలేం. మిషనరీలు నేర్పిన పని కాబట్టి నమూనాలు యూరప్ అచ్చు పుస్తకాల్లోవే. చైనాలోనూ ఎగుమతికి అట్లాంటివే అల్లారు. నెమలి ఉందని మనదే అనుకోవద్దు, ఆ పుస్తకాల్లో నెమళ్లూ ఉన్నాయి.

కాస్త పనికొచ్చే గుర్తు ఒకటుంది. నరసాపురం పనిలో పువ్వులు కొందరు అల్లితే, అతుకుపని వేరేవాళ్లు చేసేవారు. పక్కపక్క పువ్వుల్లో ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే, అతుకు దారం ఛాయ కూడా తేడాగా ఉంటే, ఒకే చేతి పని కాదని అర్థం. ఐర్లాండులోనూ పని పంచుకునేవారు కనుక ఇదొక్కటే చాలదు. 2024లో నరసాపురం లేసుకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) చూపించి పాత ముక్కను నరసాపురందని అమ్మడమూ కుదరదు.

నెమళ్ల ముక్కలో గళ్ల మూలలు చూడండి. ప్రతి మూలా ముడి ఉంటే అది వల అల్లి, దానిమీద సూదితో నింపిన ఫిలే. ముడి లేకుండా గొలుసుకుట్లు, నిలువు కుట్లు కలిస్తే ఫిలే క్రోషియా.

జవాబు 3:
వయసు సంగతి దారం చెబుతుంది. పట్టులా మెరిసే మెర్సరైజ్డ్ నూలు 1890ల నుంచే బజారుకొచ్చింది. మెరుపు లేనంత మాత్రాన పాతదీ కాదు, మామూలు నూలు ఎప్పుడూ ఉంది. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే నీలితెలుపుగా వెలగడం బ్రైటెనర్, అంటే కొత్తకాలపు తెలుపు పెంచే రసాయనం గుణం. కాకపోతే డిటర్జెంట్‌లో ఒక్కసారి ఉతికినా పాత లేసు అట్లాగే వెలుగుతుంది.

టీ నీళ్లలో ముంచి పాతగా చేసినదైతే రంగు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. నిజంగా పెట్టెలో పడున్నదైతే మడతల దగ్గర పసుపు ఎక్కువ, లోపల తక్కువ. తుప్పు మరకలకు బ్లీచింగ్ అసలు వద్దు, అక్కడే దారం చివికి తెగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
టేబుల్ గుడ్డ నడుమ నుంచి వరసలుగానే పెరిగింది. ఒత్తుదారం లేదు. నెమళ్ల గళ్లలో ముడుల్లేవు. అంచు లేసులో ఉచ్చుల్లేవు, దారాలు జడలా దాటుతున్నాయి. చెన్నై వైపు కొన్నదని ఇంట్లో అంటారు. అంచు లేసు తమిళనాడు దక్షిణ కొసనున్న నాగర్‌కోవిల్‌దా?

జవాబు 1:
టేబుల్ గుడ్డ, నెమళ్ల ముక్క రెండూ చేతి క్రోషియానే. ఐరిష్ కాదు, ఊరు పేరు రాయొద్దు.

అంచు లేసు నాగర్‌కోవిల్‌ది కావడం కుదరని మాటేం కాదు. 19వ శతాబ్దం మొదటి సగంలోనే మిషనరీలు నాగర్‌కోవిల్‌లో దిండు లేసు (బాబిన్ లేసే) నేర్పారు. మీ తిరుపతి, చిత్తూరు వైపు 1911 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే గదా, అటు సరుకు ఇక్కడ దొరకడం వింత కాదు. కానీ సన్నని జడ లేసులు జర్మనీలో బార్మెన్ మిషన్ల మీదా నేశారు. స్కేలు పెట్టి, మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్‌ను కనీసం పది చోట్ల వరసగా పోల్చండి. చేతిపనిలో తప్పు ఒకచోట పడుతుంది, మళ్లీ అట్లాగే రాదు.

ప్రశ్న అడిగినవారు:
ఒక దారం పొరపాటున పైనుంచి పోయింది. ప్రతి 6 సెం.మీ.కీ, సరిగ్గా అదే చోట.

జవాబు 1:
అయితే అది మిషన్ లేసే.